మొగిలి ఘాట్ మీద తాళంచెవి

పోయిన ఆదివారం పొద్దున కాఫీ తాగుతుంటే పుంగనూరు నుంచి ఒకాయన ఫోన్. ఈ కాలమ్ వారం తప్పకుండా చదువుతాడట. నాలుగు మంచి మాటలు చెప్పి, అసలు సంగతికి వచ్చాడు.

"మా అబ్బోడు పైలట్ అయినాడు సార్."

చాలా సంతోషం అన్నాను.

"ఏం సంతోషం సార్. లైసెన్సు చేతికొచ్చి ఏడాది కావొస్తా ఉంది, ఇంట్లోనే కూచోనుండాడు. పెద్ద పెద్ద సేట్లకు సొంత విమానాలు ఉంటాయంట కదా, దాంట్లో చేరాలంటే పేపర్లో యాడ్ రాదంట. తెలిసినోళ్లు ఎవురైనా చెప్పాలంట. మీరు పత్రికలోళ్లు, హైదరాబాదులో అందురూ తెల్సుంటారు. ఒక్క మాట చెప్పండి సార్, మీ పేరు చెప్పుకుంటాం."

ఆ 'ఒక్క మాట' దగ్గరే నా కాఫీ చేదెక్కింది. సిఫార్సుల మీద నాకున్న కోపం ఈ కాలమ్ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. తిరుమల బ్రేక్ దర్శనం లెటర్ల మీద రాసినప్పుడు బంధువులు కొందరు మా ఇంటికి రావడమే మానేశారు. వెంకటేశ్వరుడి దగ్గరికి పోవడానికి ఎమ్మెల్యే సంతకం ఎందుకని అడిగితే, "నీకు దొరక్క ఏడుస్తున్నావు" అన్నవాళ్లూ ఉన్నారు. రేషన్ కార్డు నుంచి యూనివర్సిటీ పోస్టు దాకా మనవాళ్లకు అర్హత ఒక కాగితం, 'మాట' ఇంకో కాగితం. ఇప్పుడు ఆకాశంలో కూడానా?

తండ్రి ఫోన్ కొడుక్కిచ్చాడు. అబ్బాయి నెమ్మదస్తుడు. ఇంటర్ ఎంపీసీ చదివి, మహారాష్ట్రలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరాడు. డీజీసీఏ పరీక్షలు, అంటే నావిగేషన్, వాతావరణం, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్, అన్నీ గట్టెక్కాడు. రేడియోలో మాట్లాడ్డానికి వేరే లైసెన్సు, కళ్లూ చెవులూ గుండె అన్నీ తిరగేసి చూసే క్లాస్ వన్ మెడికల్, ఆ పైన 200 గంటల ఫ్లయింగ్. అప్పుడు చేతికొచ్చింది కమర్షియల్ పైలట్ లైసెన్సు. ఖర్చు అరకోటి పైమాటే. మామిడి తోట ఒకటి దీంట్లో కలిసిపోయింది.

అయితే ఈ లైసెన్సుతో రేపే వెళ్లి ఎయిర్‌బస్ ఎక్కి కూచోలేడు. ఒక్కో రకం జెట్ నడపడానికి ఒక్కో టైప్ రేటింగ్ కావాలి. దానికి మళ్లీ లక్షలు. ఎయిర్‌లైన్స్ పిలిచినప్పుడు వందలమంది క్యూ కడతారు, పిలవనప్పుడు ఆ వందలమందీ ఇళ్లలో కూచుంటారు. మనవాడు రెండో రకం రోజుల్లో బయటికొచ్చాడు.

ఎయిర్‌లైన్స్ కోసమే కాచుకోమని చెబుదామనుకున్నాను. సేట్ల విమానం అంటే నాకు కోటు తొడిగిన డ్రైవర్ పని. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "పొద్దున ఆరింటికి షిర్డీ" అంటారు. షిర్డీకి పోయాక "అట్నే ముంబయి" అంటారు. ముంబయిలో మీటింగు ఎప్పుడైపోతుందో దేవుడికి కూడా తెలీదు. అయ్యగారి సూట్‌కేసులు ఎక్కించాలి, అమ్మగారికి చక్కెర లేని టీ ఉందో లేదో చూడాలి. దీనికోసమా మామిడి తోట అమ్మింది?

అయినా ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఎందుకంటే ఈ రకం పైలట్లను నేను చాలాసార్లు దగ్గర్నుంచి చూశాను, కుప్పంలో.

కుప్పం వాళ్లకు హెలికాప్టర్ వింత కాదు. 1989 నుంచి చంద్రబాబు నియోజకవర్గం కావడంతో ఆ ఊరి పిల్లలు రైలు తర్వాత ఎక్కువగా చూసిన పెద్ద యంత్రం అదే అయ్యుంటుంది. ఎన్నికలొస్తే అన్ని పార్టీలవాళ్లవీ దిగుతాయి. ముందురోజు కాలేజీ గ్రౌండ్‌లోనో పొలంలోనో చదును చేసి, సున్నంతో గుండ్రంగా గీసి నడుమ 'హెచ్' రాస్తారు. దుమ్ము లేవకుండా ట్యాంకర్‌తో నీళ్లు కొడతారు. ఫైరింజన్ ఒక మూల నిలబడుతుంది. గాలి ఎటుందో పైనుంచి తెలియడానికి పొగ పెడతారు. హెలికాప్టర్ దిగ్గానే నాయకుడు, దండలు, జిందాబాద్‌లు, కార్ల వరస. అయిదు నిమిషాల్లో గ్రౌండ్ ఖాళీ. మేం విలేకరులం కూడా కార్ల వెంటే పరిగెత్తేవాళ్లం.

ఒకసారి నా స్కూటర్ పంక్చరై అక్కడే చిక్కిపోయాను. అప్పుడు చూశాను మిగిలిన ఇద్దరు పైలట్లనూ. రెక్కలు ఆగేదాకా ఇద్దరూ లోపలే కూచున్నారు. తర్వాత ఒకాయన దిగి తోక దగ్గర్నుంచి మొదలుపెట్టి చేత్తో తడుముతూ చుట్టూ వచ్చాడు. చిన్న టార్చ్ వేసి కింద ఏదో చూశాడు, గుడ్డతో తుడిచాడు, తుడిచిన గుడ్డను వాసన చూశాడు. రెండో ఆయన ఫోన్‌లో తిరుపతి వాతావరణం కనుక్కుంటున్నాడు. పోలీసాయన పొట్లం తెచ్చిస్తే హెలికాప్టర్ నీడలోనే కూచుని పెరుగన్నం తిన్నారు. ఆ తర్వాత ఎదురుచూపు. సాయంత్రం నాలుగున్నరకు ఇద్దరిలో పెద్దాయన లేచి పడమటి ఆకాశం చూసి, వాచీ చూసుకుని, గన్‌మన్‌కు ఫోన్ చేశాడు. అయిదింటికి మళ్లీ చేశాడు. కళ్లతో నేలను చూసుకుంటూ ఎగిరే హెలికాప్టర్లకు మన దేశంలో పొద్దు గుంకిన 20 నిమిషాల తర్వాత అనుమతి లేదు. మన నాయకులకేమో మైకు దొరికితే పొద్దు కనపడదు.

నాయకుడు వచ్చేసరికి చీకటి పడుతోంది. "ఏం కాదు, పోదాం పద" అన్నాడు. పైలట్ "సారీ సార్" అన్నాడు. నాయకుడు గొంతు పెంచాడు. చుట్టూ ఉన్నవాళ్లు నాయకుడికంటే గట్టిగా అరిచారు. పైలట్ చేతులు వెనక్కి కట్టుకుని మళ్లీ "సారీ సార్" అన్నాడు. చివరికి నాయకుడు కార్లో బెంగళూరు పోయాడు. పైలట్లిద్దరూ ఆ రాత్రి కుప్పంలో లాడ్జి వెతుక్కున్నారు. మర్నాడు అదే నాయకుడు అదే హెలికాప్టర్ ఎక్కి, అదే పైలట్‌కు నవ్వుతూ నమస్కారం పెట్టాడట.

అలాంటి మనిషిని నేను అంతకు ముందే మదనపల్లెలో ఎరుగుదును. అందరం 'డ్రైవర్ మామ' అనేవాళ్లం. మా చిన్నప్పుడు టమోటా మండీ ఓనర్ ఒకాయన దగ్గర తెల్ల అంబాసిడర్ నడిపేవాడు. ఖాకీ చొక్కా, చెవిలో బీడీ, పై జేబులో ఒక దువ్వెన. చదువు మూడో తరగతి. మదరాసు మార్కెట్‌కు పోవాల్సి వస్తే రాత్రిళ్లు బయల్దేరేవాళ్లు, తెల్లారేసరికి కొత్వాల్ చావడిలో ఉండాలని. పుంగనూరు, పలమనేరు దాటాక మొగిలి ఘాట్. ఆ దారిన పోయినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొత్త రోడ్డు పడ్డాక పుట్టినవాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఆ మలుపుల్లో దొర్లిన లారీల లెక్క పోలీసు స్టేషన్‌లో కంటే టీ అంగళ్లలో బాగా తెలిసేది.

ఒక మార్గశిర మాసం రాత్రి. పలమనేరు దాటేసరికి మంచు. ఘాట్ దిగేముందు ఒక టీ అంగడి దగ్గర మామ బండి ఆపాడు. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకుని, దువ్వెన దాని పైన పెట్టాడు. వెనక సీట్లో ఓనర్ లేచి "ఏమప్పా, ఏమైంది" అన్నాడు. "మంచు సామీ. లైటేస్తే గోడ మాదిరి కనిపిస్తా ఉంది. తెల్లారినాక పోదాం" అన్నాడు మామ. అవతల రెండు లారీల సరుకు, మదరాసులో ఎదురుచూసే పార్టీ, ధర పడిపోతే వేలల్లో నష్టం. ఓనర్ ముందు బతిమాలాడు, తర్వాత తిట్టాడు, తర్వాత "రేపట్నుంచి పనికి రావద్దు" అన్నాడు. మామ టీ తాగుతూ, "సరే సామీ, రేపట్నుంచి రాను. ఈపొద్దు మాత్రం బండి కదలదు" అన్నాడట. ఆ రాత్రి ఓనర్ అంబాసిడర్ వెనక సీట్లో, మామ టీ అంగడి బల్ల మీద పడుకున్నారు. పొద్దున దిగుతుంటే రెండో మలుపు కింద ఒక లారీ పడి ఉంది. వాళ్లకంటే గంట ముందు టీ తాగిపోయిన లారీ.

ఈ కథ మాకు చెప్పింది మామ కాదు, ఓనరే. మండీలో వందమంది ముందు, ఏటా రెండు మూడుసార్లు, కొంచెం ఉప్పూకారం పెంచి చెప్పేవాడు. మామ పక్కనే నిలబడి, "ఆ లారీ లేకపోయినా నేను ఆపేవాణ్ణే సామీ" అనేవాడు. మేం ఆ వాక్యం వదిలేసి కథ మాత్రమే గుర్తుపెట్టుకున్నాం. అసలు సంగతి ఆ వాక్యంలో ఉంది. లారీ కింద పడకుండా క్షేమంగా మదరాసు చేరి ఉంటే, మామను మెచ్చుకునేవాడే ఉండేవాడు కాదు. పని ఊడిపోయేది కూడా. ఏమీ జరగని రాత్రి ఆపడమే కష్టం.

తర్వాత మండీలో ఎవరికి డ్రైవర్ కావాల్సి వచ్చినా మామనే అడిగేవాళ్లు. ఆయన పరీక్ష ఒక్కటే. కుర్రాణ్ణి స్టీరింగ్ ముందు కూచోబెట్టి, తాను పక్కన కూచుని, పలమనేరు దాకా పోయి రమ్మనేవాడు. మధ్యలో, మలుపు దగ్గర, ముందు లారీ ఉన్నప్పుడు, "దాటరా, టైమైపోతా ఉంది, ఏం భయమా నీకు" అని పోరేవాడు. దాటినవాణ్ణి టీ తాపించి వెనక్కి పంపేవాడు. "రానీలే మామా" అని వెనకే పోయినవాడి గురించి మాత్రం ఓనర్లకు చెప్పేవాడు.

గాల్లో ఆగడం, ఘాట్ మీద తాళంచెవి జేబులో వేసుకున్నంత సులువు కాదు. 2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి ఉదయం 8:38కి బయల్దేరిన హెలికాప్టర్ మన జిల్లాకే రావాల్సింది. చిత్తూరు దగ్గర రచ్చబండ మొదలుపెట్టడానికి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి వస్తున్నారని ఇక్కడ షామియానాలు వేశారు, జనం వచ్చేశారు. బెల్ 430 రకం యంత్రం, ఇద్దరు అనుభవమున్న పైలట్లు, కెప్టెన్ భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి. నల్లమల మీద మేఘాలు. మర్నాడు గానీ శకలాలు దొరకలేదు. లోపలున్న అయిదుగురూ పోయారు. ఆర్.కె. త్యాగి కమిటీ విచారణలో తేలింది ఏమంటే, గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడి గురించి వచ్చిన హెచ్చరికకు మాన్యువల్‌లో దారి వెతుకుతూ పైలట్లు కీలకమైన నిమిషాలు దాంట్లోనే మునిగిపోయారు, వాతావరణం చూసి వెనక్కి తిరగలేదు, పైనుంచి కిందికి తోసే బలమైన గాలిలో చిక్కుకున్నారు. చనిపోయినవాళ్లను ఇక్కడ కూచుని తప్పుబట్టను. నాకు గుర్తున్నది ఇటువైపు దృశ్యం. మైకులు టెస్ట్ చేస్తున్నారు, అధికారులు వాచీలు చూసుకుంటున్నారు. కింద అంతమంది ఎదురుచూస్తున్నారన్న బరువు పైలట్ మెడ మీద ఎవరూ నోరు తెరిచి పెట్టక్కర్లేదు, దానంతటదే కూచుంటుంది.

2002 మార్చిలో లోక్‌సభ స్పీకర్ బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. 2004 ఏప్రిల్‌లో నటి సౌందర్య. ఆమె సొంతూరు మన పుంగనూరుకు సరిహద్దు అవతల ముళబాగిలు వైపే. బెంగళూరు జక్కూరులో చిన్న సెస్నా ఎక్కి కరీంనగర్ ప్రచారానికి బయల్దేరింది, గాల్లోకి లేచిన కాసేపటికే కూలిపోయింది. వీటి కారణాలు వేరు వేరు, అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. అయినా ఇవన్నీ టైం టేబుల్ లేని ప్రయాణాలు. ఎయిర్‌లైన్స్‌లో పైలట్ వెనక ఒక పెద్ద ఆఫీసు ఉంటుంది. వాతావరణం చూసేవాడొకడు, రూటు వేసేవాడొకడు, ఫ్లైట్ రద్దయితే తిట్లు తినడానికి కౌంటర్‌లో ఇంకొకడు. కెప్టెన్‌కు ప్రయాణికుల మొహం కూడా కనపడదు. సేటు విమానంలో ఆఫీసూ కౌంటరూ అన్నీ ఆ ఇద్దరే. డీజిల్ కొట్టించుకున్నట్టు ఇంధనం వాళ్లే పోయించుకోవాలి, ల్యాండింగ్ పర్మిషన్ వాళ్లే తెచ్చుకోవాలి, చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఎన్నింటికి మూసేస్తారో వాళ్లే కనుక్కోవాలి. కుదరదని చెప్పాల్సిన మనిషి మూడడుగుల వెనక కూచుని ఉంటాడు. నెల తిరిగితే జీతమిచ్చేది ఆయనే.

అందుకే ఈ పనికి ప్రకటనలు తక్కువ. అబ్బాయి చెప్పింది విన్నాక, బెంగళూరులో పాతికేళ్లు బిజినెస్ జెట్లు నడిపి రిటైరైన ఒక పరిచయస్థుడితో మాట్లాడితే నాకది అర్థమైంది. "గంటలు లాగ్ బుక్కులో కనపడతాయి. టైప్ రేటింగ్ కాగితం మీద కనపడుతుంది. ఓనర్ అరిచినప్పుడు కుర్రాడు ఏం చేస్తాడో దేంట్లోనూ కనపడదు. వాడితో కలిసి ఎగిరినవాణ్ణి అడగాల్సిందే" అన్నాడాయన. ఇంటర్వ్యూ ఎలా చేసేవాడివని అడిగితే, భోజనానికి తీసుకెళ్లేవాణ్ణన్నాడు. వెయిటర్ తప్పు తెచ్చినప్పుడు వీడు ఏమంటాడో చూసేవాడట. ఆయనకూ మా మామకూ ముఖపరిచయం కూడా లేదు.

కాబట్టి ఈ ఒక్క వ్యాపారంలో 'మాట' ఉండాల్సిందేనని ఒప్పుకోక తప్పడం లేదు. నేను తిట్టే సిఫార్సుకూ దీనికీ పేరొక్కటే. ఎమ్మెల్యే లెటర్ ఇచ్చాక ఎవరు దర్శనం చేసుకున్నారో ఆయనకు పట్టదు. ఒక కెప్టెన్ ఇంకో కుర్రాడి గురించి చెప్పాడంటే, రేపు వాడి పక్కసీట్లో తానే కూచోవాలి. పైగా పలుకుబడితో ఎక్కినవాడు ఎక్కించినవాడికి అప్పుపడతాడు. అప్పున్నవాడు మంచులో తాళంచెవి జేబులో వేసుకోలేడు. పుంగనూరు తండ్రికి మళ్లీ ఫోన్ చేసి నేను అదే చెప్పాను. నాకు తెలిసిన మంత్రులూ సంపాదకులూ ఈ విషయంలో పనికిరారు, పనికిరాకూడదు కూడా.

అబ్బాయికి ఆ రిటైరైన కెప్టెన్ చెప్పిన దారి ఇది. 200 గంటలవాణ్ణి సేట్ల జెట్ పక్కసీట్లో ఎవరూ కూచోబెట్టరు, విమానానికి బీమా చేసేవాళ్లే ఒప్పుకోరు. ఫ్లయింగ్ స్కూల్లో అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ తీసుకుని, కొత్త పిల్లలకు నేర్పుతూ గంటలు పోగెయ్యాలి. జీతం తక్కువ, ఎండ ఎక్కువ. తర్వాత చార్టర్ కంపెనీల్లో కింగ్ ఎయిర్ లాంటి రెండు ప్రొపెల్లర్ల విమానానికి కోపైలట్. రోగుల్ని మోసే ఎయిర్ అంబులెన్సు దొరికితే ఇంకా మంచిది, రాత్రీపగలూ అన్ని రకాల ఎయిర్‌పోర్టులూ చూపిస్తుంది. 2024 మేలో బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో అంతరిక్షం అంచు దాకా పోయొచ్చిన మన విజయవాడ గోపీచంద్ తోటకూర కూడా మెడికల్ జెట్లు నడిపినవాడే. 1500 గంటలు దాటి పరీక్షలు ముగిస్తే ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు, అప్పుడు కెప్టెన్ సీటు మాట. ఎయిర్ ఫోర్సు నుంచి వేల గంటలతో రిటైరై వచ్చినవాళ్లతో ఆ సీటుకు పోటీ ఉంటుంది.

ఇలాంటి పని కోసం చూడాల్సిన ఊళ్లు మనకు దగ్గరే. 2008లో పెద్ద విమానాలన్నీ శంషాబాదుకూ దేవనహళ్లికీ పోయాక పాత బేగంపేట, బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాశ్రయాలు ఇలాంటి సొంత విమానాలకు, చార్టర్లకు మిగిలాయి. మదనపల్లె నుంచి కదిరి మీదుగా పోతే పుట్టపర్తి. 1990 నుంచి సత్యసాయి ట్రస్టు సొంత విమానాశ్రయం అక్కడుంది. ఇక కుప్పంలో శాంతిపురం, రామకుప్పం వైపు ఎయిర్‌పోర్టుకు 2019 ఎన్నికల ముందు శంకుస్థాపన జరిగింది, ఆగింది, 2024 తర్వాత మళ్లీ కదిలింది. అది వస్తే గ్రానైటు వాళ్లూ ఫ్యాక్టరీల వాళ్లూ దిగుతారంటున్నారు. దిగనీండి. పైలట్లకు ఒక మంచి విశ్రాంతి గది కూడా ప్లానులో ఉందేమో ఎవరైనా చూడండి. హెలికాప్టర్ నీడలో పెరుగన్నం ఇంకెన్నాళ్లు?

అబ్బాయి ఒక ప్రశ్న అడిగాడు. "ఎయిర్‌లైన్స్‌తో పోలిస్తే ఇది తక్కువ పని అంటారా సార్?" మొదటి ఫోన్ మొదట్లోనే అడిగుంటే నా దగ్గర జవాబు తయారుగా ఉండేది. ఇప్పుడు ప్రేమ్ మాథుర్ గురించి చెప్పాను. మనదేశంలో మొట్టమొదటి మహిళా కమర్షియల్ పైలట్. అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని 1947లో లైసెన్సు తెచ్చుకుంది. ఎనిమిది ఎయిర్‌లైన్స్ కుదరదన్నాయి, ఆడమనిషి నడుపుతోందంటే ప్రయాణికులు భయపడతారని. తీసుకున్నది మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్. అది మనం గర్వంగా చెప్పుకోవచ్చు. అయితే కోపైలట్‌గానే ఉంచారు, సొంతంగా కమాండ్ అడిగితే ఇవ్వలేదు. దాన్ని కూడా చెప్పుకోవాలి. ఆవిడ అక్కణ్ణుంచి పోయి 1949లో ఘనశ్యామ్‌దాస్ బిర్లా సొంత విమానానికి పైలట్‌గా చేరింది. ఆ ఏడే నేషనల్ ఎయిర్ రేస్ గెలిచింది. ఎయిర్‌లైన్స్ అన్నీ ఎవరో ప్రయాణికులు భయపడతారని లెక్కలేస్తుంటే, ఒక మార్వాడీ వ్యాపారి తానే వెళ్లి ఆవిడ వెనక సీట్లో కూచున్నాడు. బిర్లా ఆ ఉద్యోగానికి పేపర్లో ప్రకటన వేసి ఉంటాడని నేననుకోను.